చలిలో నడిచే బాలలకు మంచుకాటు ముప్పు: అంచనా వేసే విధానం

(ప్రత్యేక వ్యాసం)

శ్రీకాకుళం: మార్గశిర, పుష్య మాసాలలో మందస మండలంలో ఒకే ఉదయం రెండు విధాలుగా ఉంటుంది. తూర్పున జీడి, కొబ్బరి తోటలతో నిండిన ఉద్దానం వైపు సముద్రం సమీపంలో ఉండుట వలన చలి తీవ్రత కొంత తక్కువ. పడమట మహేంద్రగిరి పంక్తుల దిగువన గల సవర గూడేలలో ప్రొద్దెక్కే వరకు పొగమంచు విడవదు. ఆ మంచులోనే బాలబాలికలు కాలిబాటన దిగి బడులకు చేరుకుంటారు. ప్రతి శీతకాలంలోను "గడ్డకట్టించే చలి", "శూన్య డిగ్రీల చలి" అన్న శీర్షికలు పత్రికలలో కనిపించుట, పాఠశాలల వేళలు మార్చాలన్న విజ్ఞప్తులు అధికారులకు అందుట పరిపాటి. ఇటువంటి సందర్భాలలో నడిచి వెళ్లే బాలునికి వాస్తవంగా ఉన్న ముప్పు ఏమిటి, దానిని ఏ అంకెల ఆధారంగా అంచనా వేయాలి అన్న విషయాలను పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటి కలదు. చలి వలన కలిగే హాని రెండు రకాలు. శరీర భాగం గడ్డకట్టుట మొదటిది. దీనినే మంచుకాటు అంటారు. శరీరం మొత్తం తన వేడిని కోల్పోవుట రెండవది. దీనిని వైద్యులు హైపోథెర్మియా అంటారు. మొదటిదానికి శూన్యానికి దిగువ ఉష్ణోగ్రత అవసరం. రెండవదానికి అంత చలి అక్కరలేదు. మందస వంటి ప్రాంతాలలో చర్చ మొదటిదానిపై సాగుతుండగా, బాలలకు అసలు ముప్పు రెండవదాని నుండి పొంచి ఉంటుంది.

"మంచు" అన్న మాటతో జాగ్రత్త

తెలుగులో "మంచు" అన్న ఒక్క మాట అనేక అర్థాలలో వాడుకలో ఉన్నది. గాలిలో తేలే పొగమంచు, గడ్డిపై నిలిచే నీటి బిందువులు, ఆ బిందువులు గడ్డకట్టగా ఏర్పడే తెల్లని పొర, ఆకాశం నుండి రాలే హిమం, నీటి గడ్డ - అన్నీ మంచే. "మంచు కురిసింది" అన్న వార్త చదివిన పాఠకుడు వీటిలో దేనినైనా ఊహించుకొనవచ్చు. పొగమంచు గాని, నీటి బిందువులు గాని మంచుకాటుకు కారణం కాజాలవు. అందువలన వార్తలో ఏ రకమైన మంచు అన్నది స్పష్టంగా పేర్కొనుట మంచిది.

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి ఇందుకు ఉదాహరణ. సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ గ్రామానికి కొర్రబయలు అన్న పేరు కూడా కలదు. బయట ఉండిపోయినవారు కొయ్యబారిపోతారన్న భావంతో ఆ పేరు వచ్చినట్లు చెబుతారు. అక్కడ శీతకాలపు వేకువన గడ్డిపై తెల్లని పొర ఏర్పడినప్పుడు "ఉష్ణోగ్రత శూన్యానికి పడిపోయింది" అని వ్రాయుట కద్దు. అయితే వాతావరణ కేంద్రాలు ఉష్ణోగ్రతను నేలకు సుమారు 1.25 మీటర్ల ఎత్తున, గాలి ఆడే చెక్కపెట్టెలో కొలుస్తాయి. మబ్బులేని రాత్రి నేల, గడ్డి తమ వేడిని ఆకాశంలోకి వదలి గాలికంటె చల్లబడతాయి. కావున గాలి ఉష్ణోగ్రత 2 లేదా 3 డిగ్రీలు ఉన్నప్పుడు కూడా గడ్డి మీద తెల్లని పొర పట్టవచ్చు. ఆ పొర నేల చల్లదనాన్ని తెలుపుతుందే గాని, నిలబడి నడిచే బాలుని ముఖానికి తగిలే గాలి ఉష్ణోగ్రతను తెలుపదు.

మంచుకాటు ఎట్లు ఏర్పడుతుంది

చలి తగిలినప్పుడు శరీరం గుండె, మెదడు వంటి ముఖ్య అవయవాలను కాపాడుకొనుటకై వేళ్లు, చెవులు, ముక్కు, బుగ్గలలోని రక్తనాళాలను ముడుచుకొంటుంది. ఆ భాగాలకు వెచ్చని రక్తం తగ్గుతుంది. చర్మపు ఉష్ణోగ్రత శూన్యానికి సుమారు అర డిగ్రీ దిగువకు చేరినప్పుడు కణజాలంలోని నీరు గడ్డకట్టుట మొదలవుతుంది. మంచు స్ఫటికాలు కణాలను దెబ్బతీస్తాయి, సన్నని రక్తనాళాలలో రక్తం గడ్డలు ఏర్పడతాయి. తీవ్రమైన సందర్భాలలో వేళ్లు కోల్పోవలసి వస్తుంది.

దీనినుండి ఒక సులభమైన నియమం వెలువడుతుంది. గాలి ఉష్ణోగ్రత శూన్యం కంటె ఎక్కువ ఉన్నచోట నడిచే బాలుని పొడి చర్మానికి మంచుకాటు రాదు. గాలి ఎంత బలంగా వీచినా చర్మాన్ని త్వరగా చల్లబరచగలదే గాని, తనకంటె చల్లగా చేయజాలదు. బాగా శీతలీకరించిన వస్తువులను, డ్రై ఐస్‌ను చేతితో తాకుట వంటివి మాత్రం ఈ నియమానికి వెలుపలివి.

గాలి చలి అంటే ఏమిటి

ఒకే ఉష్ణోగ్రత వద్ద గాలి వీస్తున్నప్పుడు చలి ఎక్కువగా తోచుట అందరికీ అనుభవమే. శరీరాన్ని అంటిపెట్టుకొని ఉండే వెచ్చని గాలి పొరను వీచే గాలి తొలగించుట ఇందుకు కారణం. దీనిని లెక్కకట్టే ప్రయత్నం 1940వ దశకం ఆరంభంలో అంటార్కిటికాలో జరిగింది. అమెరికా శాస్త్రవేత్తలు పాల్ సైపల్, చార్లెస్ పాసెల్ నీరు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని గాలిలో వ్రేలాడదీసి, ఆ నీరు ఎంత సేపటిలో గడ్డకడుతుందో కొలిచారు. వారి లెక్క చలిని ఎక్కువ చేసి చూపుతున్నదని తదుపరి గుర్తించారు. 2001లో కెనడాలో 12 మంది వయోజనులను గాలి సొరంగంలో నడిపించి, వారి ముఖాలపై కొలతలు తీసుకున్నారు. వాటిని కూడా ఆధారం చేసుకొని రూపొందించిన కొత్త సూత్రాన్ని అమెరికా, కెనడా అదే సంవత్సరం స్వీకరించాయి. ఆ సూత్రం ఇది:

గాలి చలి = 13.12 + (0.6215 × ఉ) - (11.37 × గ) + (0.3965 × ఉ × గ)

ఇందులో "ఉ" అనగా సెల్సియస్ డిగ్రీలలో గాలి ఉష్ణోగ్రత. "గ" అనగా గంటకు కిలోమీటర్లలో గాలి వేగం యొక్క 0.16వ ఘాతం. గాలి వేగం గంటకు 10 కిలోమీటర్లయితే "గ" విలువ 1.45, 20 అయితే 1.62, 30 అయితే 1.72, 40 అయితే 1.80. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకు తక్కువ, గాలి వేగం గంటకు సుమారు 5 కిలోమీటర్లకు పైన ఉన్నప్పుడే ఈ సూత్రం వర్తిస్తుంది.

ఈ సూత్రం ప్రకారం కొన్ని ఉదాహరణలు:

- ఉష్ణోగ్రత 5 డిగ్రీలు, గాలి 30 కిలోమీటర్లు: గాలి చలి సుమారు 0.
- ఉష్ణోగ్రత 2 డిగ్రీలు, గాలి 40 కిలోమీటర్లు: గాలి చలి సుమారు మైనస్ 5.
- ఉష్ణోగ్రత మైనస్ 10, గాలి 20 కిలోమీటర్లు: గాలి చలి సుమారు మైనస్ 18.
- ఉష్ణోగ్రత మైనస్ 20, గాలి 10 కిలోమీటర్లు: గాలి చలి సుమారు మైనస్ 27.
- ఉష్ణోగ్రత మైనస్ 20, గాలి 30 కిలోమీటర్లు: గాలి చలి సుమారు మైనస్ 33.

వీటిలో రెండవ ఉదాహరణ పాత్రికేయులు ప్రత్యేకంగా గమనించదగినది. గాలి చలి మైనస్ 5 అని లెక్క తేలినప్పటికీ గాలి ఉష్ణోగ్రత 2 డిగ్రీలే. అక్కడ బకెట్‌లోని నీరు గడ్డకట్టదు, బాలుని చెవి కూడా గడ్డకట్టదు. గాలి చలి అనునది ఉష్ణోగ్రత కాదు, శరీరం వేడిని కోల్పోయే వేగానికి కొలమానం మాత్రమే. "ఉష్ణోగ్రత మైనస్ 5కు పడిపోయింది" అని వ్రాసిన పక్షంలో అది తప్పుడు వార్త అవుతుంది.

ఎంత సేపు అన్నదే కీలకం

శూన్యానికి దిగువన మంచుకాటు ముప్పు కాలవ్యవధిపై ఆధారపడి ఉంటుంది. కెనడా వాతావరణ శాఖ కప్పుకోని చర్మానికి ఈ క్రింది పరిమితులను ప్రకటించింది:

- గాలి చలి మైనస్ 10 నుండి మైనస్ 27 వరకు: తగిన దుస్తులు లేకుండా ఎక్కువసేపు బయట ఉన్నచో హాని కలుగవచ్చు.
- మైనస్ 28 నుండి మైనస్ 39 వరకు: 10 నుండి 30 నిమిషాలలో మంచుకాటు.
- మైనస్ 40 నుండి మైనస్ 47 వరకు: 5 నుండి 10 నిమిషాలలో.
- మైనస్ 48 నుండి మైనస్ 54 వరకు: 2 నుండి 5 నిమిషాలలో.
- మైనస్ 55, అంతకు దిగువ: 2 నిమిషాల లోపు.

ఈ పరిమితులు మందసలో పుట్టి పెరిగిన వారికి సంబంధం లేనివి కావు. ఈ జిల్లా నుండి సైన్యంలో చేరినవారు లేహ్ వంటి చోట్ల విధులు నిర్వహిస్తున్నారు. తెలుగు కుటుంబాలు అమెరికాలోని మిన్నెసోటా, ఇల్లినాయి, కెనడాలోని పలు రాష్ట్రాలలో స్థిరపడ్డాయి. అక్కడి బాలలు బడి బస్సు కోసం నిలబడే పదిహేను నిమిషాలు ఈ లెక్కలోకి వస్తాయి. 2014 జనవరి 6న తీవ్రమైన చలి కారణంగా మిన్నెసోటా గవర్నర్ మార్క్ డేటన్ రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలలన్నింటినీ ఆ రోజు మూసివేయించారు. నిర్ణయానికి ఆధారం ఆ రోజుకు ముందుగా అంచనా వేసిన ప్రమాదకరమైన చలి.

బాలల విషయంలో అదనపు జాగ్రత్త

పై సూత్రం వయోజనులను దృష్టిలో ఉంచుకొని చేసినది. బాలలకు దానిని యథాతథంగా అన్వయించరాదు. 20 కిలోల బరువు, 110 సెంటీమీటర్ల ఎత్తు గల బాలుని చర్మ వైశాల్యం సుమారు 0.78 చదరపు మీటర్లు. 60 కిలోల బరువు, 165 సెంటీమీటర్ల ఎత్తు గల పెద్దవారిది సుమారు 1.66 చదరపు మీటర్లు. అనగా కిలో బరువుకు లెక్కించినప్పుడు బాలునికి వేడిని కోల్పోయే చర్మం 40 శాతం అధికం. పైగా చిన్నపిల్లలు వేళ్లు మొద్దుబారినా ఆటలో పడి చెప్పరు. చేతి తొడుగులు తీసివేస్తారు, బురదలో, నీటిలో అడుగు పెడతారు.

అందువలన బాలుని విషయంలో పట్టికలోని రెండు అంకెలలో చిన్నదానినే గరిష్ఠ పరిమితిగా తీసుకొనుట క్షేమకరం. "10 నుండి 30 నిమిషాలు" అని ఉన్నచోట బాలునికి 10 నిమిషాలుగా భావించాలి. ఇది శాస్త్రీయ కొలత కాదు, ముందుజాగ్రత్త కోసం పాటించదగిన నియమం.

లెక్క ఎట్లు వేయాలి

బాలుడు బడికి 2 కిలోమీటర్లు నడవాలని అనుకుందాం. చిన్నపిల్లల నడక గంటకు 3 కిలోమీటర్లయితే 40 నిమిషాలు పడుతుంది. ఈ నడకకు నాలుగు ప్రశ్నలు వరుసగా వేసుకొనవలెను.

మొదటిది: గాలి ఉష్ణోగ్రత శూన్యానికి దిగువన ఉన్నదా? లేనిచో మంచుకాటు ప్రశ్న అక్కడితో ముగుస్తుంది, నాలుగవ ప్రశ్నకు వెళ్లాలి. రెండవది: గాలి వేగం ఎంత, దానినిబట్టి గాలి చలి ఎంత? మూడవది: బయట ఉండే మొత్తం సమయం బాలునికి తగిన పరిమితిని దాటుతున్నదా? నాలుగవది: బాలుడు తడిసి ఉన్నాడా, కాలికి చెప్పులు ఉన్నవా, తిండి తిన్నాడా, జబ్బుపడి లేచాడా?

మైనస్ 20 డిగ్రీలు, 30 కిలోమీటర్ల గాలి ఉన్న ఊరిలో గాలి చలి మైనస్ 33. బాలుని పరిమితి 10 నిమిషాలు, నడక 40 నిమిషాలు. ముఖం, చెవులు, చేతులు పూర్తిగా కప్పనిదే ఆ నడకకు పంపరాదు. అదే మందసలో ఉదయం ఉష్ణోగ్రత 14 డిగ్రీలు ఉన్నచో మొదటి ప్రశ్నతోనే మంచుకాటు తొలగిపోతుంది. గాలి చలి సూత్రం కూడా అక్కడ వర్తించదు. కాని నాలుగవ ప్రశ్న మిగిలే ఉంటుంది.

మందసలో అసలు ముప్పు

సాధారణంగా ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. తీరంలో 16 డిగ్రీలు ఉన్న వేళ, ఒడిశా సరిహద్దులో 1,501 మీటర్ల ఎత్తు గల మహేంద్రగిరి శిఖరంపై ఈ లెక్కన 6 డిగ్రీలు ఉండవచ్చు. 500 మీటర్ల ఎత్తున ఉన్న గూడెంలో 13 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. అయితే గాలి కదలని రాత్రులలో చల్లని గాలి వాలు మీదుగా జారి లోయలో నిలుస్తుంది. అటువంటి రాత్రులలో దిగువ లోయ, మీది వాలుకంటె చల్లగా ఉండవచ్చు. కావున కళింగపట్నం వాతావరణ కేంద్రంలో నమోదైన అంకెను కొండ గూడేలకు నేరుగా అన్వయించుట సరికాదు.

ఇక తడి విషయం. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగంగా వేడిని ప్రసరింపజేస్తుంది. మంచుకు తడిసిన గడ్డిలో వట్టికాళ్లతో నడిచి, వాగు దాటి, తడిబట్టలతో తరగతిలో కూర్చున్న బాలుడు 12 లేదా 14 డిగ్రీల వద్ద కూడా గంటల తరబడి వేడిని కోల్పోతూనే ఉంటాడు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటె తగ్గినప్పుడు హైపోథెర్మియాగా పరిగణిస్తారు. అర్ధాకలితో ఉన్న పిల్లలకు, పసిపిల్లలకు ఈ ముప్పు మరింత ఎక్కువ. తడి, చలి కలిసి చాలాకాలం కొనసాగినచో వేళ్లు ఎర్రబడి, వాచి, దురదపెట్టుట కూడా జరుగుతుంది. ఇది మంచుకాటు కాదు, గడ్డకట్టని చలిగాయం.

మోటారుసైకిలుపై ముందు కూర్చోబెట్టి బడికి తీసుకొనిపోయే బాలుని సంగతి కూడా గమనించాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు ఉన్న ఉదయం వాహనం 40 కిలోమీటర్ల వేగంతో పోయినప్పుడు, గాలి వీచకపోయినా గాలి చలి 6కు చేరుతుంది. నడిచే బాలునికి లేని గాలిని వాహనమే కల్పిస్తుంది. వెనుక కూర్చోబెట్టి, చెవులు, ఛాతీ కప్పుట అవసరం.

చలి తాళలేక మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట మరొక ప్రమాదం. బొగ్గులనుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన, రంగు ఉండవు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. చలిమంటల వద్ద పిల్లల బట్టలు అంటుకొను ప్రమాదం కూడా కలదు.

లక్షణాలు, ప్రథమ చికిత్స

ఎడతెగని వణుకు, మాట తడబాటు, నడక తూలుట, మగతగా ఉండుట హైపోథెర్మియా లక్షణాలు. వణుకుతున్న పిల్లవాడు వణుకు ఆపి నిస్త్రాణగా ఉన్నచో చలి తగ్గిందని భావించరాదు. అది పరిస్థితి విషమించిన సూచన. తడిబట్టలు విప్పి, పొడి దుప్పటి చుట్టి, తల కప్పి, పెద్దవారి ఒడిలో వెచ్చగా ఉంచాలి. స్పృహలో ఉన్నప్పుడు మాత్రమే గోరువెచ్చని, తియ్యని పానీయం ఇవ్వాలి. 108కు తెలియజేసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తరలించాలి.

మంచుకాటు లక్షణాల గురించి వైద్య పుస్తకాలలో "చర్మం ఎర్రబడి, తరువాత తెల్లబడుతుంది" అని ఉంటుంది. చామనఛాయ, నలుపు చర్మంపై ఎరుపు స్పష్టంగా కనబడదు. బూడిద రంగు, మైనపు మెరుపు, తాకితే గట్టిదనం, స్పర్శ తెలియకపోవుట చూడాలి. చలి దేశాలలో ఉన్న తెలుగు తల్లిదండ్రులు దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. గడ్డకట్టిన భాగాన్ని రుద్దరాదు, మంచుతో మర్దన చేయరాదు, మంటకు చూపరాదు. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. మరల గడ్డకట్టే అవకాశం లేదని నిర్ధారణ అయిన తరువాతనే 37 నుండి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచి, వైద్యుని వద్దకు చేర్చాలి.

పాత్రికేయులు, అధికారులు గమనించవలసినవి

భారత వాతావరణ శాఖ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకు తగ్గి, సాధారణం కంటె 4.5 డిగ్రీలు లేదా ఆపైన పడిపోయినప్పుడు శీతల గాలులుగా ప్రకటిస్తారు. కనిష్ఠం 4 డిగ్రీలకు చేరినచో సాధారణంతో పోల్చకుండానే ప్రకటిస్తారు. తీర కేంద్రాలలో 15 డిగ్రీలు లేదా అంతకు తగ్గి, సాధారణం కంటె 4.5 డిగ్రీలు తక్కువైన పక్షంలో ప్రకటించవచ్చు. తీరవాసులకు ఆ మాత్రం చలి కూడా అలవాటు లేనిదన్న గుర్తింపు ఈ ప్రమాణంలో ఉన్నది.

వార్తలో ఉష్ణోగ్రత, గాలి చలి వేరువేరుగా పేర్కొనాలి. ఉష్ణోగ్రతను ఎక్కడ, ఏ పరికరంతో, ఏ సమయాన కొలిచారో తెలపాలి. శూన్యానికి పైన ఉన్నప్పుడు మంచుకాటు అన్న మాట వాడరాదు. పాఠశాలల వేళల నిర్ణయంలో కనిష్ఠ ఉష్ణోగ్రతతో పాటు నడక దూరం, దారిలోని వాగులు, తడిసే అవకాశం, పిల్లల పాదరక్షలు, పొడి బట్టలు మార్చుకొను వసతి పరిగణనలోకి తీసుకోవాలి. కొండ దిగి వచ్చే బాలునికి ఒక జత చెప్పులు, బడిలో ఒక జత పొడి బట్టలు, ప్రొద్దెక్కిన తరువాత మొదలయ్యే నడక - ఇవి మందసలో చలి ముప్పును తగ్గించే సాధనాలు. ఈ విషయాలను ప్రజలకు, ప్రత్యేకించి గిరిజన గూడేలలోని తల్లిదండ్రులకు వారి భాషలో తెలియజేయవలసిందిగా కోరడమైనది.